సంతకం ముందా, కొలత ముందా?

(నెల్లూరులో ఇళ్ళు, ఇంటి స్థలాలు కొనబోయేవారి కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే.

ఇల్లు గానీ స్థలం గానీ కొనేటప్పుడు రిజిస్ట్రేషన్‌కు ముందు సర్వే చేయించాలా, అక్కర్లేదా? ఈ సభ పెట్టినవాళ్ళు నన్నడిగిన ప్రశ్న ఇది. చేయించాలి. దీని మీద నాకు రెండో మాట లేదు. అయితే ఎప్పుడు చేయించాలి, ఎవరి చేత చేయించాలి, ఏ రాయి దగ్గర మొదలుపెట్టాలి, తేడా వస్తే ఏం చేయాలి, ఇక్కడే మనవాళ్ళు దెబ్బ తింటున్నారు. సర్వే చేయించి కూడా మోసపోయినవాళ్ళున్నారు. కాబట్టి ఇవాళ ఎక్కువసేపు ఈ సంగతుల మీదే మాట్లాడతాను.

మన దగ్గర స్థలం కొనేవాళ్ళు మామూలుగా ఏం చేస్తారు? ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా, తీస్తారు. 1983 నుంచి జరిగిన లావాదేవీలు కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రారాఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఇంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు, లాయరుకు చూపిస్తారు. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో ఉందేమో చూస్తారు. ఇవన్నీ చేయాల్సిందే, వీటిలో ఏదీ మానొద్దు. కానీ ఈ కాగితాలన్నీ చెప్పేది అమ్మే మనిషికి హక్కుందా లేదా అన్న సంగతి. ఆ హక్కు నేల మీద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇందులో ఏ కాగితమూ చెప్పదు. సబ్ రిజిస్ట్రారు వచ్చి మీ స్థలం కొలవరు. షెడ్యూల్లో 30 అంకణాలని రాస్తే 30 అంకణాలకు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర చొప్పున కట్టించుకుంటారు. అక్కడ నిజంగా 27 అంకణాలే ఉంటే లేని మూడు అంకణాలకు కూడా మీరు పన్ను కట్టినట్టే. "బ్యాంకు వాళ్ళు లోను ఇచ్చారు గదా, వాళ్ళు చూడకుండా ఇస్తారా?" అంటారు. బ్యాంకు లాయరు కాగితం చూస్తారు, వాల్యూయరు విలువ కడతారు. రాయి తవ్వి చూడటం వాళ్ళిద్దరి పనీ కాదు.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. దస్తావేజులో రాసిన విస్తీర్ణానికీ, రాసిన నాలుగు హద్దులకూ పొంతన కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. 30 అంకణాలని రాయించుకున్నాం కాబట్టి 30 ఇప్పించండి అంటే కుదరదు. ఆ నాలుగు హద్దుల మధ్య 27 ఉంటే మీకు దక్కేది ఆ 27.

అంకణం అన్నాను కాబట్టి కొలమానాల సంగతి ముందు తేల్చుకుందాం. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు, సరిగ్గా సగం. ఒంగోలు వైపు వెళితే ఎక్కువగా గజాలు, సెంట్లు. కాబట్టి ఊరు మారి కొనేవాళ్ళు అగ్రిమెంటులో అంకణాలతో పాటు చదరపు అడుగులు కూడా తప్పకుండా రాయించండి. సెంటు 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 గజాలు, మన అంకణాల్లో 6.05. "సెంటుకు ఆరు అంకణాలు" అని నోటి లెక్క వేస్తారు చూడండి, అయిదు సెంట్ల దగ్గర అది పావు అంకణం మింగేస్తుంది. ఎకరానికి 605 అంకణాలు. 600 అని లెక్క కడితే అయిదు అంకణాలు గాల్లో కలిసిపోతాయి.

పాత సర్వే పటాల్లో కొలతలు అడుగుల్లో ఉండవు. కొన్నిటిలో లింకులు, కొన్నిటిలో మీటర్లు. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పటం మీద 160 అని ఉంటే అది 160 అడుగులనుకుని టేపు పట్టేవాళ్ళున్నారు. 160 లింకులంటే 105 అడుగుల 7 అంగుళాలే. ఈ లింకుల లెక్కలో ఒక సుఖం కూడా ఉంది. పొడవు లింకుల్ని వెడల్పు లింకులతో గుణించి వెయ్యితో భాగిస్తే నేరుగా సెంట్లు వచ్చేస్తాయి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. క్యాలిక్యులేటరు లేకుండానే పొలం గట్టు మీద నిలబడి సరిచూసుకోవచ్చు.

ఇక విస్తీర్ణం కట్టడంలో తప్పు. నాలుగు వైపులూ కొలుస్తారు, ఎదురెదురు వైపుల సగటు తీసి గుణిస్తారు. మేస్త్రీలు, బ్రోకర్లు, చాలామంది డాక్యుమెంట్ రైటర్లు చేసేది ఇదే. మూలలు మట్టానికి, అంటే లంబకోణంలో, ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. వంకర స్థలంలో ఈ లెక్క ప్రతిసారీ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించడం ఉండదు. అంటే ఎప్పుడూ నష్టపోయేది కొనేవాళ్ళే. ఒక స్థలం తీసుకోండి. దక్షిణం 36 అడుగులు, తూర్పు 54, ఉత్తరం 40, పడమర 60. సగటు లెక్కలో 38 ఇంటూ 57, మొత్తం 2166 చదరపు అడుగులు, అంటే 30 అంకణాల పైమాట. అదే స్థలానికి నైరుతి నుంచి ఈశాన్యానికి ఐమూల కొలత వేస్తే 60 అడుగులు వచ్చిందనుకోండి. అప్పుడు స్థలాన్ని రెండు త్రికోణాలుగా విడగొట్టి కడితే వచ్చేది 2091 చదరపు అడుగులు. 29 అంకణాలు. ఒక్క ఐమూల వేయకపోవడం వల్ల పోయింది ఒక అంకణం. అంకణం రెండు లక్షలు అనుకుంటే ఆ రెండు లక్షలూ టేపు ఇంకొక్కసారి పట్టుకోనందుకు పోయినట్టు.

మూలలు మట్టానికి ఉన్నాయో లేదో చూడటానికీ ఐమూలే కావాలి. 36 ఇంటూ 60 స్థలమైతే, అది సరిగ్గా 30 అంకణాలు, రెండు ఐమూలలూ ఇంచుమించు 70 అడుగులు రావాలి. ఒకటి 71 వచ్చి రెండోది 69 వస్తే స్థలం వాలిపోయి ఉంది. వాస్తు చూపించుకునేవాళ్ళు కూడా ఇది తేలాకే చూపించండి. ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అన్నది మూలలు కొలవకుండా కంటితో తేలేది కాదు.

ఇప్పుడు లేఅవుట్ల సంగతికి వద్దాం. నెల్లూరు చుట్టుపక్కల, ఒంగోలు చుట్టుపక్కల స్థలాలు కొనేవాళ్ళలో ఎక్కువమంది కొనేది ఇవే. లేఅవుట్లో వచ్చే పెద్ద చిక్కును జరుగుడు అందాం. ఒక పొలం వెడల్పు సర్వే పటం ప్రకారం 500 లింకులు అనుకోండి. అంటే 330 అడుగులు. ఇందులో 33 అడుగుల రోడ్డు ఒకటి, 33 అడుగుల ప్లాట్లు తొమ్మిది గీశారు. కాగితం మీద లెక్క సరిగ్గా కుదిరింది. నేల మీద పక్క రైతు గట్టు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా జరిగి నాలుగు అడుగులు లోపలికొచ్చింది. ఉన్నది 326 అడుగులే. రోడ్డు వైపు నుంచి ప్లాట్లు కొలుచుకుంటూ పోతే ఎనిమిది మందికీ నిండుగా 33 అడుగులు వస్తాయి. తొమ్మిదో ప్లాటుకు మిగిలేది 29. లోతు 60 అడుగులైతే 240 చదరపు అడుగులు, మూడు అంకణాల పైచిలుకు లోటు. ఈ తొమ్మిదో ప్లాటు దస్తావేజులో కూడా 33 అడుగులనే రాసి ఉంటుంది.

గట్టు జరగకపోయినా ఇదే జరుగుతుంది. మొదటి ప్లాటు ఆయన గోడ ఆరంగుళాలు అవతలికి కట్టుకున్నాడు. రెండో ఆయన హద్దు రాయి వెతక్కుండా ఆ గోడ దగ్గర టేపు పెట్టి తన 33 కొలుచుకున్నాడు, తన గోడకు ఇంకో ఆరంగుళాలు. ఎనిమిది గోడలు దాటేసరికి నాలుగు అడుగులు. ఎవరూ దొంగ కాదు, అయినా చివరి మనిషి మునిగాడు.

అందుకే నేను చెప్పేది, మీ ప్లాటు ఒక్కటే కొలిపించొద్దు. ఈ రోడ్డు నుంచి ఆ రోడ్డు దాకా, లేదా రోడ్డు నుంచి సర్వే నెంబరు చివరి హద్దు దాకా వరస మొత్తం కొలిపించండి. పని ఇంకో గంట పెరుగుతుంది, అంతే. వరస మొత్తం కాగితంతో కలిస్తే మీ ప్లాటు కూడా ఉన్నట్టే. వరసలో లోటుంటే ఇవాళ మీ ప్లాటు నిండుగా కనిపించినా రేపు పక్కవాళ్ళు వచ్చి మీ గోడ పగలగొట్టమంటారు.

దీంతో పాటు ఇంకో పరీక్ష. మీ ప్లాటుకు మాత్రమే కాకుండా సర్వే నెంబరు మొత్తానికీ ఈసీ తీయించి, అందులో అమ్మిన విస్తీర్ణాలు కూడండి. సర్వే నెంబరులో ఉన్నది 2 ఎకరాల 40 సెంట్లు, అమ్మకాలు 2 ఎకరాల 60 సెంట్లకు జరిగాయంటే ఎవరో ఒకరి దగ్గర నేల లేని దస్తావేజు ఉంది. అది మీ చేతికి రాకూడదు.

సర్వే ఎట్టా జరగాలో చెబుతాను. ముందు కాగితాలు. ఆ సర్వే నెంబరుకు ఎఫ్.ఎం.బి. నకలు, అంటే పొలం కొలతల పటం. ఆర్.ఎస్.ఆర్.లో, అంటే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరులో, ఆ నెంబరుకు రాసిన విస్తీర్ణం, భూమి స్వభావం. అడంగల్, 1బి, అంటే సాగు, హక్కుల రెవిన్యూ రికార్డులు. గ్రామ పటం, పక్కన ఏ కాలువ, ఏ డొంక, ఏ పోరంబోకు (ప్రభుత్వ భూమి) ఉందో చూడటానికి. లేఅవుట్ అయితే నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) గానీ ఒంగోలు వైపు అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ గానీ ఆమోదించిన ప్లాను నకలు. బ్రోకరు ఇచ్చే రంగుల కరపత్రం ప్లాను కాదు. ఆర్.ఎస్.ఆర్.లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలుంటే అవి చుక్కల భూములు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ ఇవి ఉన్నాయి. వాటికోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. అట్టాంటి నెంబరైతే కొలత సంగతి తర్వాత, ముందు ఆ చిక్కు తేలిందని రుజువు అడగండి.

ప్రభుత్వ సర్వే కావాలంటే సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఎఫ్ లైన్ దరఖాస్తు, అంటే హద్దులు కొలిచి చూపమనే దరఖాస్తు, పెట్టాలి. పెట్టాల్సింది అమ్మే మనిషి, ఎందుకంటే రికార్డులో పేరున్నది వాళ్ళది. కొనేవాళ్ళకు ఇంకా ఏ హక్కూ రాలేదు గదా. అమ్మేవాళ్ళు సహకరించకపోతే ఆ సర్వే జరగదు. ఇది చాలామందికి తెలియక అగ్రిమెంటు అయ్యాక "మీరే చేయించుకోండి" అన్న మాటకు తలూపి వచ్చేస్తారు. దరఖాస్తు పడ్డాక సర్వేయరు పక్క హద్దుదారులకు నోటీసు ఇస్తారు. నోటీసు ఇచ్చి అందరి ముందు కొలవడమే ప్రభుత్వ సర్వే బలం. లైసెన్సు ఉన్న ప్రైవేటు సర్వేయరు తొందరగా వస్తారు, మంచి పరికరాలు ఉంటాయి, కానీ ఆ కొలతకు పక్కింటివాళ్ళు కట్టుబడాలని లేదు. నా సలహా ఏందంటే, ఆమోదం పొందిన లేఅవుట్లో, రాళ్ళు ఉన్నచోట, ప్రైవేటు సర్వేయరు చాలు. స్థలానికి ఒక పక్క కాలువ గానీ డొంక గానీ చెరువు గానీ ఉన్నా, హద్దు రాళ్ళు కనపడకపోయినా, పక్కవాళ్ళతో మాట పట్టింపు ఉన్నా ప్రభుత్వ సర్వే లేకుండా ముందుకు పోవద్దు.

కొలత రోజు మీరు చూడాల్సింది ఒక్కటే ముఖ్యం: టేపు ఎక్కడ మొదలైంది? పక్కింటి గోడ మూల నుంచి మొదలైతే ఆ సర్వే చెల్లదనుకోండి. సర్వే రాళ్ళు వెతకాలి. రెండు, మూడు సర్వే నెంబర్లు కలిసే చోట పాతినవి. కనీసం మూడు రాళ్ళు దొరకాలి. దొరికాక వాటి మధ్య దూరం కొలిచి ఎఫ్.ఎం.బి.తో సరిచూడాలి. మూడూ కలిస్తేనే అవి కదలని రాళ్ళు. ఒకటి తేడా వస్తే దాన్ని పక్కన పెట్టి నాలుగోది వెతకాలి. ఈ పని అయ్యాకే మీ స్థలం కొలత. తెలిసినవాళ్ళు చేస్తే రోజులో సగం రాళ్ళు వెతకడానికే పోతుంది. అరగంటలో కొలిచి వెళ్ళిపోయారంటే ఏమీ వెతకలేదని అర్థం.

రాళ్ళు దొరక్కపోవడానికి కారణాలు కూడా ఊరిని బట్టి ఉంటాయి. ఖాళీ స్థలాల్లో సర్కారు తుమ్మ కమ్మేసి ఉంటుంది, ముందు రోజే కొట్టించి పెట్టుకోండి. ఒంగోలు వైపు నల్లరేగడిలో నేల వానకు ఉబ్బి ఎండకు బిగుసుకుంటుంది, ఆ ఆటలో రాయి ఒరుగుతుంది. అట్టాంటి చోట రాయి తల కొలవకూడదు, తవ్వి మొదలు చూడాలి. నల్లరేగడిలో గోడలు కూడా ఒరుగుతాయి కాబట్టి గోడ కొలత ఎప్పుడూ పునాది దగ్గరే. పెన్న ఆయకట్టులో పొలాన్ని ఆనుకుని స్థలాలు కొనేవాళ్ళు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొలత పెట్టుకోవద్దు, నీళ్ళూ నాట్లూ ఉంటాయి. కోత అయిపోయి గట్లు బయటపడ్డాక సుఖంగా అవుతుంది.

గుడ్డ టేపు వద్దు, సాగుతుంది. స్టీలు టేపు బిగించి పట్టాలి, మట్టి కుప్పల మీదుగా ఎక్కించి దించి కాకుండా అడ్డంగా మట్టంలో పట్టాలి. ఫోనులో యాప్ పెట్టుకుని స్థలం చుట్టూ నడిచి "ఇదిగో 30 అంకణాలు" అనేవాళ్ళున్నారు. ఫోను జీపీఎస్ మీటర్ల కొద్దీ తప్పు చూపిస్తుంది. పదెకరాల తోటకు ఉజ్జాయింపుగా పనికొస్తుందేమో గానీ ఇంటి స్థలానికి పనికిరాదు. రోవర్ వేరు, అది ఉపగ్రహాల సాయంతో కొలిచే సర్వే పరికరం, అంగుళాల్లో చెబుతుంది. అయినా రోవర్ చెప్పేది ఆ కర్ర ఎక్కడ నిలబడిందన్నది. హద్దు ఎక్కడుండాలన్నది రికార్డులో నుంచి తీయాల్సిందే. పాత పటాన్ని రాళ్ళతో సరిచూడకుండా రోవర్ పట్టుకొస్తే తప్పు హద్దును చాలా కచ్చితంగా చూపించినట్టవుతుంది.

రీసర్వే జరిగిన గ్రామాల్లో ఇంకో జాగ్రత్త. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లతో కొలిచి పాత సర్వే నెంబర్ల బదులు ఎల్.పీ.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నెంబర్లు ఇచ్చారు. మీ అమ్మకందారు దస్తావేజులో పాత నెంబరు ఉంటుంది, రికార్డులో కొత్త నెంబరు. రెండూ షెడ్యూల్లో రాయించండి, పాత నెంబరు ఏ ఎల్.పీ.ఎం.గా మారిందో చూపించే కాగితం దగ్గర పెట్టుకోండి. పాత విస్తీర్ణానికీ కొత్తదానికీ తేడా ఉంటే ఏ లెక్కకు డబ్బిస్తున్నారో అగ్రిమెంటులోనే తేల్చండి. కొన్ని చోట్ల ఇద్దరు ముగ్గురు రైతులకు కలిపి ఒకే ఎల్.పీ.ఎం. ఇచ్చారు, జాయింట్ ఎల్.పీ.ఎం. అంటారు. అందులో ఎవరి ముక్క ఎక్కడో పటంలో ఉండదు. అట్టాంటిదైతే సబ్ డివిజన్ చేయించి విడి నెంబరు వచ్చాకే కొనండి. "కొన్నాక చేసుకోవచ్చు" అంటారు. అప్పుడు మిగతా వాటాదారుల సంతకాల కోసం తిరగాల్సింది మీరు.

కట్టిన ఇల్లు కొనేవాళ్ళకు సర్వేలో ఇంకొన్ని ఉంటాయి. గోడ మధ్యకు కొలిచారా, బయటి అంచుకు కొలిచారా? తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా ఉంటే అక్కడే తొమ్మిదంగుళాల తేడా. ప్రహరీ ఉమ్మడిదా, సొంతమా? ఉమ్మడిదైతే దస్తావేజులో ఆ మాట ఉండాలి. సన్‌షేడ్లు, మెట్లు, బాల్కనీ పక్క స్థలం మీదికి పొడుచుకొచ్చాయా? తూము నీళ్ళు ఎవరి స్థలంలో పడుతున్నాయి? సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుంది? ముందు వైపు అరుగు, ర్యాంపు రోడ్డు స్థలంలో ఉంటే రోడ్డు వెడల్పు చేసిన రోజు అవి పోతాయి, వాటికి విలువ కట్టొద్దు. పక్కవాళ్ళ గోడ మీ స్థలంలోకి వచ్చి పన్నెండేళ్ళు దాటిందనుకోండి, ఆ నేల మీద వాళ్ళు హక్కు అడిగే వాదన తయారైనట్టే. అది అమ్మే మనిషి తేల్చాల్సిన గొడవ, మీరు కొనుక్కోవాల్సింది కాదు.

నెల్లూరు లాంటి ఊళ్ళో మట్టాలు కూడా చూపించుకోండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు ఇక్కడ ఏ కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయో మీకందరికీ తెలుసు. సర్వేయరు ఎటూ పరికరం తెచ్చి ఉంటారు. రోడ్డు మధ్య మట్టం, కాలువ అడుగు మట్టం, మీ గచ్చు మట్టం, మూడూ రాసిమ్మనండి. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతారు కాబట్టి ఇవాళ గచ్చు రోడ్డుకు అరడుగే ఎత్తుంటే పదేళ్ళకు ఇల్లు పల్లంలో పడుతుంది. పక్క గోడల మీద వరద మరక ఎంత ఎత్తులో ఉందో చూసి కొలవండి.

అపార్టుమెంటు గురించి ఎక్కువ చెప్పను. ఫ్లాటు లోపల కార్పెట్ ఏరియా మీరే కొలుచుకోవచ్చు. అసలు చూడాల్సింది అవిభక్త వాటా, అంటే మొత్తం స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే భాగం. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే మొత్తం స్థలానికి సరిపోవాలి, మించకూడదు. మొత్తం స్థలానికి బిల్డరు చేయించిన సర్వే నకలు అడగండి.

ఇప్పుడు ఎప్పుడు చేయించాలన్నది. కొందరు అగ్రిమెంటుకు ముందే అంటారు. అమ్మే మనిషి బయానా లేకుండా సర్వేకు ఎందుకు ఒప్పుకుంటారు? ఒప్పుకోరు. కొందరు రిజిస్ట్రేషన్ అయ్యాక ఇల్లు కట్టే ముందు చేయిస్తారు. అప్పటికి డబ్బంతా చేతులు మారిపోయి ఉంటుంది. తప్పు తేలితే సవరణ దస్తావేజు కావాలి, దానికి అమ్మినవాళ్ళ సంతకం కావాలి. వాళ్ళు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, లేదా కాలం చేసి వారసులు నలుగురు నాలుగు దిక్కుల ఉంటారు. కాబట్టి కొద్ది అడ్వాన్సుతో అగ్రిమెంటు, మొదటి రెండు వారాల్లోనే సర్వే దరఖాస్తు, రిపోర్టు చూశాక పెద్ద మొత్తం, ఆ తర్వాత రిజిస్ట్రేషన్. ఈ వరస తప్పనివ్వొద్దు.

అగ్రిమెంటులో రాయించాల్సిన మాటలు చెబుతాను, రాసుకోండి. "సర్వే దరఖాస్తు అమ్ముదారే పెట్టి, కొలత రోజు హాజరు కావలెను. సర్వేలో తేలిన విస్తీర్ణానికే అంకణం ఒక్కింటికి ఇంత చొప్పున ధర లెక్కించవలెను. తేడా ఇన్ని అంకణాలు మించినయెడల కొనుగోలుదారు అడ్వాన్సు పూర్తిగా వాపసు పొంది విరమించుకొనవచ్చును. రిజిస్ట్రేషన్ గడువు సర్వే రిపోర్టు అందిన తేదీ నుంచి లెక్కించవలెను." చివరి వాక్యం మర్చిపోవద్దు. అది లేకపోతే సర్వేయరు రావడం ఆలస్యమై మీ గడువు దాటిపోతుంది, అడ్వాన్సు పోయిందంటారు. "మొత్తం గుత్తగా ఇంత" అని ధర రాసుకుంటే తేడాకు డబ్బు తగ్గించమని అడిగే వీలు పోతుంది, జాగ్రత్త.

తేడా ఎంతైతే పట్టించుకోవాలి? 36 అడుగుల వైపు రెండంగుళాలు తగ్గితే గొడవపడొద్దు, ఉన్న కొలతే దస్తావేజులో రాసుకోండి. అడుగు తగ్గిందంటే 60 అడుగుల లోతుకు 60 చదరపు అడుగులు, అంకణంలో ఆరింట అయిదు వంతులు. అది ధరలో తగ్గాల్సిందే. పక్కవాళ్ళ ఆక్రమణ వల్ల తగ్గితే, ఆ నేలను వాళ్ళకు వదిలేసి మిగతాది కొనడమా, వాళ్ళు ఖాళీ చేశాక కొనడమా, రెండిట్లో ఒకటి. "తర్వాత మాట్లాడి సర్దుతాను" అన్న మాట మీద కొనొద్దు. హద్దు సర్దుబాటులో నేల ఒకరి నుంచి ఒకరికి మారితే దానికీ రిజిస్ట్రేషన్ కావాలి, పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం చాలదు. స్థలంలో కొంత ముక్క కాలువ పోరంబోకులో పడిందని తేలితే మాత్రం ఎంత చవకైనా ఆ ముక్కకు పైసా ఇవ్వొద్దు. సర్వేపల్లి కాలువ గట్టున, చెరువు కింద ఉన్న స్థలాలకు ఇది మరీ ముఖ్యం.

సర్వే అయిన రోజే రాళ్ళు పాతించండి. రెండున్నర అడుగుల రాయి, అడుగున్నర లోపల, చుట్టూ కాంక్రీటు. ప్రతి రాయి నుంచి కరెంటు స్తంభానికో కల్వర్టుకో రెండు దూరాలు కొలిచి స్కెచ్ మీద రాయించండి. రేపు రాయి పీకేసినా ఆ రెండు దూరాలతో మళ్ళీ అదే చోటు దొరుకుతుంది. స్కెచ్ మీద సర్వేయరు, అమ్మేవారు, వచ్చిన హద్దుదారులు సంతకాలు పెట్టాలి. ఆ స్కెచ్చే దస్తావేజుకు ప్లానుగా జతపరచండి, నాలుగు వైపుల కొలతలు షెడ్యూల్లో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. హద్దుల్లో "తూర్పు: ఫలానావారి ఇల్లు" అని మాత్రమే కాకుండా ఆ ఇంటి ప్లాటు నెంబరో డోరు నెంబరో కూడా ఉండాలి. మనుషులు అమ్ముకుని వెళ్ళిపోతారు, యాభై ఏళ్ళ తర్వాత ఆ పేరు గలవారి ఇల్లు ఏదో చెప్పేవాళ్ళు ఉండరు.

రెండు చీటీలు వచ్చాయి. మొదటిది, సర్వే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? చట్టంలో ఇదమిత్థంగా లేదు, మాట్లాడుకోవాల్సిందే. చలానా అమ్మేవాళ్ళు, రాళ్ళు, కూలీలు కొనేవాళ్ళు అని పంచుకుంటే బాగుంటుంది. ఈ ఖర్చు దగ్గర బేరం చెడగొట్టుకోవద్దు, మొత్తం మీరు పెట్టుకున్నా నష్టం లేదు.

రెండోది, మూలపేట లాంటి పాత పేటల్లో ఇల్లు కొంటే ఎఫ్.ఎం.బి. ఉంటుందా? మంచి ప్రశ్న. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళున్న పాత నివాస స్థలంలో, పాత రికార్డుల్లో ఇంటింటికీ విడిగా పటం ఉండదు, మొత్తం ఒకే ముక్కగా చూపిస్తారు. పాత మునిసిపల్ పరిధిలో టౌన్ సర్వే రికార్డు ఉంటే ఆ నెంబరుతో నకలు అడగండి. లేనిచోట ఆధారాలు మూడు: వరసగా వచ్చిన లింకు డాక్యుమెంట్లలో కొలతలు, ఇంటి పన్ను పుస్తకం, నాలుగు పక్కల అనుభవం. పాత దస్తావేజుల్లో కొలతలు గజాల్లోనో మూరల్లోనో ఉంటాయి, అడుగుల్లోకి మార్చి ఒక్కో దస్తావేజుకూ పోల్చండి. ఏ తరంలో ఎక్కడ పెరిగిందో తగ్గిందో అక్కడే పట్టుబడుతుంది. గోడ మందంతో సహా బయటి నుంచి కొలిపించి, పక్కవాళ్ళ చేత స్కెచ్ మీద సంతకాలు పెట్టించుకోండి. పాత ఇళ్ళ దగ్గర ఆ సంతకాలు దొరకడమే కష్టం. అందుకే బయానా ఇవ్వకముందే వెళ్ళి పక్కింటివాళ్ళను పలకరించండి. అమ్మేవాళ్ళ గోడ గురించి వాళ్ళు ఏమంటారో అక్కడే తెలిసిపోతుంది.